జంగారెడ్డిగూడెం అక్క

"షుగరు పరీక్షయితే మన పంచాయతీ ఆఫీసు దగ్గరే చేస్తున్నారుగా. దానికి నర్సాపురం దాకా ఎందుకే?"

"అక్కడయితే బాగా చూస్తారంట వదినా."

మొగల్తూరులో, చిట్టెమ్మ ఇంటి అరుగు మీద, మధ్యాహ్నం మూడయింది. రోజూ ఆ అరుగు మీద కూర్చుని లేసు అల్లే ఆరుగురిలో నలుగురు పెనుగొండ గుడికి వెళ్ళారు. మిగిలింది ఇద్దరే, ఇంటావిడ చిట్టెమ్మ, పక్కింటి అమ్మాజీ. ఇలాంటి మధ్యాహ్నం కోసమే అమ్మాజీ మూడు వారాలుగా కాచుకుని ఉంది. తీరా అది దొరికాక నోట అబద్ధమే వచ్చింది.

"బాగా చూడ్డానికేముంది, ఓ చుక్క తీస్తారు. నర్సాపురంలో పొడిచినా వేలే, ఇక్కడ పొడిచినా వేలే."

"అది కాదు వదినా..."

"దారం లాగకు, ముడి పడింది చూడు. ఏదీ, ఇలా ఇయ్యి. ఏంటే ఇది, అల్లిక ఇంత వదులుగా ఉంది? నీ చెయ్యేనా?"

"ఈ మధ్య చెయ్యి కుదరట్లేదు."

"ఇలా ఇస్తే ఏజెంటు మొహం మీద కొడతాడు. ఊడదీసి మళ్ళీ అల్లు. అవునూ, ఇందాకట్నుంచీ కొంగులో ఏంటి దాచి నలుపుతున్నావు? పెళ్ళి కార్డా?"

"కార్డే. పెళ్ళిది కాదు."

"మరి?"

"నర్సాపురంలో ఇచ్చారు. ఇది పట్టుకెళ్తే లైన్లో నిలబెట్టరంట. పేరు పెట్టి గట్టిగా పిలవరంట. దీని మీద నంబరు చెబితే చాలంట. హెలెన్ మేడమ్ అని ఒకావిడ ఉంటుంది, లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి మాట్లాడుతుంది. మంచి మనిషి."

"షుగరు పరీక్షకి ఇంత గుట్టెందుకు?"

"గుట్టేం లేదు, ఊరికే..."

"అమ్మాజీ."

"షుగరు కాదు వదినా."

"మరేంటి?"

"హెచ్ఐవి పరీక్ష. ... వింటున్నావా? సూది కిందెట్టు వదినా. కోప్పడకు. నా వైపు చూడు."

"నేనేమన్నాను?"

"ఏమీ అనలేదు. అందుకే భయమేస్తోంది."

"మీ అన్నయ్య పోయి పదకొండేళ్ళు. జంగారెడ్డిగూడెం మా అక్క దగ్గరికి వెళ్ళడం తప్పితే ఈ అరుగు దిగి ఎరగను. నన్ను పట్టుకుని ఆ పరీక్ష చేయించుకోమంటావా? ఎవరన్నా ఏమన్నా అన్నారా నా గురించి? ఉన్నదున్నట్టు చెప్పు."

"అయ్యో, నీ గురించి ఎవరంటారు? అన్నయ్య గురించి నేనే..."

"పోయినవాణ్ణి ఎందుకు లాగుతావు?"

"లాగట్లేదు. పొక్లెయిన్ నడుపుకుంటూ చెరువులు తవ్వడానికి ఒరిస్సా వెళ్ళాడు, బెంగాల్ వెళ్ళాడు. ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. ఆఖరిసారి వచ్చినప్పుడు మనిషి పుల్లయిపోయి వచ్చాడు. టీబీ అన్నారు. అందరం టీబీ అనే అనుకున్నాం. అది అంత చప్పున మనిషిని ఎందుకు తినేసిందని అప్పుడెవరూ అడగలేదుగా."

"ఇప్పుడు నువ్వడుగుతున్నావు."

"ఒక్కసారి చూపించుకో వదినా. లేదంటే లేదు, మనసు తేలికపడుద్ది. ఉంటే మందుంది. రోజుకో మాత్ర. ఇదివరకటిలా కాదంట. మానకుండా వేసుకుంటే అందరిలాగే నిండుగా బతకొచ్చంట."

"అంట, అంట. ఇవన్నీ నీకెవరు చెప్పారు?"

"ఆ హెలెన్ మేడమే."

"ఆవిడ మన వీధికి ఎప్పుడొచ్చింది? నేను చూళ్ళేదే."

"రాలేదు. నేనే వెళ్ళాను. ఏదో పనుండి."

"ఏం పని?"

"పనే. సర్లే గానీ, తీసుకో కార్డు."

"ఎన్నున్నాయి నీ దగ్గర?"

"మూడు."

"మిగతా రెండూ ఎవరికి?"

"తెలీదు. నమ్మకమైనవాళ్ళకి ఇమ్మంది. తను చెబితే ఆసుపత్రి మాటలా ఉంటుందంట, నేను చెబితే మన మనిషి మాటలా ఉంటుందంట. ఓ ముగ్గురి పేర్లు ఆలోచించుకోమంది. మూడు వారాలుగా ఆలోచిస్తూనే ఉన్నాను వదినా. ఇరవయ్యేళ్ళయింది నేనీ ఊరు కాపరానికొచ్చి. మా ఇంట్లో శుభకార్యమైతే రెండొందల మంది వచ్చి భోంచేస్తారు. పేరు మాత్రం ఒక్కటే తట్టింది."

"ఆ కార్డులు ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వరే."

"ఏంటీ?"

"ఏం లేదు. అది సరే, నీకు గాల్‌బ్లాడర్లో రాళ్ళన్నావు, శ్రావణంలోనే ఆపరేషన్ అన్నావు. ఏమైంది?"

"వాయిదా పడింది."

"ఎందుకు?"

"డాక్టరు ఊళ్ళో లేడు."

"రెండు నెలలుగానా?"

"అడక్కు వదినా."

"ఆపరేషన్ ముందు రక్తం తీసుంటారుగా."

"తీశారు."

"అందులో తెలిసిందా?"

"వదినా..."

"ఏడవకు. ఏడిస్తే ఎదురింటి మంగతాయారు కిటికీలోంచి చూసి చక్కా వచ్చేస్తుంది. దారం పట్టుకో. అల్లుతున్నట్టు కూర్చో. అదీ. ఇప్పుడు చెప్పు. మీ ఆయనకి చెప్పావా, తాతాజీకి?"

"ఫోన్లో చెప్పాను."

"ఏమన్నాడు?"

"నీకెక్కణ్ణుంచి వచ్చిందన్నాడు."

"అంత మాటన్నాడా!"

"నాకు నవ్వొచ్చింది వదినా. నిజంగా నవ్వేశాను. పెళ్ళయ్యాక నేను భీమవరం దాటి ఎరగను. బెంగుళూరులో వంటమాస్టరుగా ఉండేది తను, ఆర్నెల్లకోసారి వచ్చిపోయేది తను. నీకెక్కణ్ణుంచి వచ్చిందంటాడు. నవ్వానని ఫోను పెట్టేశాడు. మళ్ళీ ఎత్తలేదు. నెలన్నరయింది."

"తననీ చూపించుకోమనాలి."

"ఎత్తితే గదా చెప్పడానికి."

"ఇంట్లో ఇంకెవరికీ చెప్పలేదా?"

"ఎవరికి చెప్పను? మా అత్తగారికి చెబితే నా కంచం వేరు చేస్తుంది. మా తమ్ముడికి చెబితే వాళ్ళావిడ పిల్లల్ని మా ఇంటికి పంపదు. మా అత్తగారు టీవీ చూస్తుంటే నేనూ పక్కనే కూర్చుంటాను వదినా. మాటలు వినబడతాయి గానీ తలకెక్కవు. కాలవలో మునిగి, గట్టు మీదవాళ్ళ మాటలు వింటున్నట్టుంటుంది. అన్నంలోకి ఏం కూర వండనని అడిగితే కూడా ఒక్కోసారి జవాబు తోచదు."

"మాత్ర మొదలెట్టావా?"

"ఇరవై రోజులయింది."

"ఒక్క పూట కూడా మానలేదుగా?"

"లేదు."

"రోజూ ఒకే వేళకి వేసుకో. తల తిరుగుతోందా?"

"మొదట్లో కొంచెం."

"తగ్గిపోతుంది. ఇదివరకటి వాటికంటే ఈ మాత్ర నయం. అవి వేసుకుంటే అన్నీ పీడకలలే. కన్ను మూస్తే చాలు, చెరువు బురద పాక్కుంటూ గొంతు దాకా వచ్చేది. ఇప్పుడిచ్చే వాటికి ఆ గొడవ లేదు. ఆర్నెల్లకి లోడు పరీక్షంటారు, ఒంట్లో వైరస్ ఎంతుందో చూస్తారు, అది మాత్రం తప్పకుండా చేయించుకో. అది తగ్గుతూ రావాలి. కంచం వేరు చెయ్యక్కర్లేదు, బట్టలు వేరుగా ఉతకక్కర్లేదు. ముందు నిన్ను నువ్వే వేరు పెట్టేసుకుంటావు చూడు, అదొక్కటీ చెయ్యకు. దాన్నుంచి బయటికి రావడం కష్టం."

"వదినా."

"ఊ?"

"నీకెలా తెలుసు?"

చిట్టెమ్మ చేతిలో సూది ఆగిపోయింది.

"ఇవన్నీ నీకెలా తెలుసు వదినా?"

"మా అక్క చెప్పింది."

"జంగారెడ్డిగూడెం అక్కా? ఆవిడకెలా తెలుసు? కొంపదీసి ఆవిడకీ..."

"అక్క లేదే అమ్మాజీ."

"పోయిందా! ఎప్పుడు? మాటమాత్రం చెప్పలేదే!"

"పోలేదు. అసలు లేదు. జంగారెడ్డిగూడెంలో నాకు అక్కా లేదు, చెల్లెలూ లేదు, పలకరించే కుక్క కూడా లేదు. అక్కడ మందులిస్తారు. తెచ్చుకుంటాను. అంతే."

"అంటే పదకొండేళ్ళుగా నువ్వు..."

"పదకొండేళ్ళుగా. మీ అన్నయ్య దినాలయ్యాక నెలకి నాకూ పరీక్ష చేశారు. నర్సాపురంలో అయితే మన ఊరివాళ్ళెవరో ఒకరు తగులుతారు. భీమవరంలో మా పిన్ని కొడుకుది మందుల షాపు. అందుకని భీమవరం బస్సు, అక్కణ్ణుంచి తాడేపల్లిగూడెం బస్సు, అక్కణ్ణుంచి ఇంకోటి. తెల్లారి బయల్దేరితే దీపాలవేళకి ఇంటికొచ్చేదాన్ని. ఇప్పుడు మూడు నెలలకి సరిపడా ఒకేసారి ఇచ్చేస్తున్నారు గానీ, అప్పట్లో నెలనెలా."

"మీ అక్క కొడుక్కి కామెర్లన్నావు! మీ బావ జీడితోట కౌలుకి తీసుకున్నాడన్నావు!"

"మీరు అడుగుతారు, ఏదో ఒకటి చెప్పాలిగా. చెప్పగా చెప్పగా ఆవిడకో మొగుడొచ్చాడు, కొడుకొచ్చాడు, తోటొచ్చింది. ఒక్కోసారి బస్సులో కూర్చుంటే, నిజంగానే ఎవరో అన్నం వండి నా కోసం చూస్తున్నారేమో అనిపించేది."

"నేను ఆవకాయ పంపాను వదినా మీ అక్కకి! రెండేళ్ళు వరసగా పంపాను!"

"బస్టాండులో కూర్చుని నేనే తిన్నాను, పెరుగన్నం పొట్లం కొనుక్కుని. చాలా బాగుంది. అక్కకి నచ్చిందని నీకు చెప్పాను కూడా."

"నవ్వించకు. నవ్వించకు వదినా, ఏడుపొస్తోంది."

"ఏడువు. మంగతాయారు చూస్తే చూస్తుందిలే."

"గోడకవతలే ఉన్నాను. నీ ఇంట్లో పోపు పెడితే మా ఇంట్లో తుమ్మొస్తుంది. నాకొక్క మాట చెబితే ఏం పోయేది?"

"నువ్వు మూడు వారాలు చెప్పలేకపోయావుగా. ఇవాళ కూడా షుగరనే మొదలెట్టావు. మొదటి రోజు చెప్పకపోతే రెండో రోజు ఇంకా కష్టమే అమ్మాజీ. ఏడాది గడిస్తే, ఏడాదిగా ఎందుకు చెప్పలేదంటారని భయం. అలా ముడి మీద ముడి."

"ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదా?"

"ఒకసారి చెప్పాను. తిరుగు బస్సులో, పక్కన ఓ ముసలావిడ కూర్చుంది. ఎవరో ఏంటో తెలీదు. ఆవిడ చీరకి మా అమ్మ చీరలా కర్పూరం వాసనొచ్చింది. ఆపుకోలేక మొత్తం చెప్పేశాను, మీ అన్నయ్య దగ్గర్నుంచి మాత్రల దాకా. తాడేపల్లిగూడెం వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను."

"ఏమంది?"

"దిగేటప్పుడు నా తల నిమిరి, గట్టిగా చెప్పమ్మా, నాకు చెవుడు అంది."

"వదినా!"

"అయినా ఆ రోజు బానే నిద్రపట్టింది."

"ఇంక నేనున్నానుగా. నాకు చెవుడు లేదు. ఈసారి వెళ్ళినప్పుడు ఇద్దరం వెళ్దాం. కాదు, నువ్వే నర్సాపురానికి మార్చుకో, ఇద్దరం ఒకే రోజు తెచ్చుకుందాం. ఎవరన్నా చూస్తే నాకు తోడొచ్చావని చెబుతాను. ఈ కార్డు మాత్రం నీకక్కర్లేదు."

"నాకక్కర్లేదు."

"మరి పిల్లకి, దుర్గకి చేయించావుగా?"

"ఎండ ఇటొచ్చింది, చాప అటు జరుపు."

"సాయిదుర్గకి పరీక్ష చేయించావుగా వదినా?"

"కాలేజీ బస్సొచ్చే వేళయింది. పాలు పొయ్యి మీద పెట్టాలి."

"కూర్చో. మొన్నామధ్య దగ్గుతోంది కూడా. సన్నబడింది. నేనడిగితే..."

"నా కూతురి ఊసెత్తకు!"

"సరే. ఎత్తను."

"అరిచానా?"

"అరిచావు."

"మందుల కోసం మొదటిసారి వెళ్ళినప్పుడే అడిగారే. పిల్లలెంతమందమ్మా అని, పెన్ను పట్టుకుని కూర్చుంది ఆ అమ్మాయి. లేరండి అన్నాను. నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలీదు. లేరని రాసేసుకుంది. అప్పటికి దానికి ఎనిమిదేళ్ళు. మర్నాడు పొద్దున్న దానికి వేసిన జడే విప్పి మళ్ళీ వేశాను. లేదని రాయించి వచ్చాను, అదేమో నా ముందే కూర్చుని బళ్ళో కబుర్లు చెబుతోంది."

"తరవాతైనా చెప్పలేదా?"

"ఏటా అడుగుతారు. ఏటా లేరంటాను. ఉందంటే తీసుకురమ్మంటారు. తీసుకెళ్తే చూస్తారు. చూసి, ఉందని చెబితే? కడుపులో ఉండగా వచ్చినా, పాలతో వచ్చినా, నేనిచ్చినట్టేగా. రాత్రి దగ్గితే ఎన్నిసార్లు దగ్గిందో లెక్కపెడతాను. జ్వరమొస్తే తగ్గేదాకా ముద్ద దిగదు. తగ్గగానే, చూశావా, ఉంటే తగ్గేదా, లేదన్నమాట అనుకుంటాను. మళ్ళీ దగ్గు మొదలు. మళ్ళీ లెక్క మొదలు."

"లేదనే చెబుతారేమో. అలా తల్లికుండి పిల్లలకి రానివాళ్ళు చాలామంది ఉన్నారంట."

"ఏమో. ఆ ఏమో చాలే నాకు. దాంతోటే బతుకుతున్నాను."

"నువ్వు బతుకుతున్నావు. మరి అది?"

"దానికేం? చక్కగా చదువుకుంటోంది."

"కోపమొస్తే రానీ, ఇవాళ చెప్పేస్తాను. రేపు దానికి పెళ్ళవుతుంది. నెల తప్పితే ఎలాగూ పరీక్ష చేస్తారు, మనల్ని అడిగి చెయ్యరు. ఏ ఊళ్ళోనో, ఎవరో నర్సు చెబుతుంది. అప్పుడు దాని పక్కన ఎవరుంటారు? నాకు చెప్పిన రోజు నా పక్కన ఎవరూ లేరు వదినా. ఆపరేషన్ గౌను వేసుకుని బల్ల మీద కూర్చున్నాను. గాజులు తియ్యమన్నారు, తీసి సంచిలో పెట్టుకున్నాను. అప్పుడొచ్చి చెప్పి వెళ్ళిపోయారు. గాజులు మళ్ళీ తొడుక్కోవాలో వద్దో కూడా తెలీలేదు నాకు. ఎంతసేపు కూర్చున్నానో. నీకు చెప్పిన రోజు నీ పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"దాని పక్కన మనిద్దరం ఉందాం. ఇప్పుడే ఉందాం. ఉంటే మందుంది. నువ్వు లేవూ, ఇంటా బయటా చాకిరీ చేస్తూ, నాకంటే గట్టిగా? లేకపోతే..."

"లేకపోతే?"

"లేకపోతే, అది దగ్గితే ఊరికే దగ్గేనని కరక్కాయ బుగ్గన పెట్టి ఊరుకుంటావు."

ఎండ అరుగు సగానికి వచ్చింది. ఎవరూ చాప జరపలేదు.

"ఆ కార్డు ఇలా ఇయ్యి."

"ఏదీ?"

"నీ చేతిలోదే. నాకు కాదు, దానికి. ఫోను చెయ్యి ఆ మేడమ్‌కి. నువ్వే మాట్లాడు. వద్దు, మోగాక నాకియ్యి. నేనే చెబుతాను."

"మోగుతోంది. ఇదిగో."

"హలో. హెలెన్ మేడమ్ గారాండి? నా పేరు చిట్టెమ్మండి. అమ్మాజీ పక్కింటిదాన్నండి. ఆయ్. కార్డు అందిందండి. నా కోసం కాదండి. నాకో కూతురుందండి. ఆయ్, కూతురండి. సాయిదుర్గండి. పందొమ్మిదండి. డిగ్రీ రెండో సంవత్సరమండి. లేదండి, ఏడవట్లేదండి. ఉందండి, నాకు కూతురుంది, అదే చెబుదామనండి. రేపు తీసుకొస్తానండి."

"అమ్మా."

గేటు దగ్గర భుజాన సంచితో సాయిదుర్గ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో అమ్మాజీ కూడా చూడలేదు.

"ఫోను పెట్టెయ్యమ్మా."

"దుర్గా, ఎప్పుడొచ్చావే? రా, లోపలికి రా. చెప్పులిప్పి కూర్చో. నీతో ఓ మాట..."

"రేపు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు."

"అలా అనకమ్మా దుర్గా. మీ అమ్మ చెప్పేది ఓసారి విను."

"విన్నాను అత్తా. గేటు దగ్గర్నుంచి విన్నాను. ఏం పరీక్షో కూడా నాకు తెలుసు. ఏడో క్లాసులో తెలిసింది. మందుసీసా మీద కాగితం అమ్మ గోరుతో గీకేసి పారేస్తుంది. ఆ ముక్కలు ఏరి, లెక్కల నోట్సులో అతికించి చదివాను. స్కూల్లో కంప్యూటర్ క్లాసప్పుడు ఆ పేరు కొట్టి చూశాను."

"ఏడో క్లాసులోనా!"

"నువ్వు బస్సెక్కిన ప్రతిసారీ, ఈసారి తిరిగొచ్చాక నాకు చెబుతావనుకునేదాన్నమ్మా. తలుపు దగ్గరే కూర్చునేదాన్ని. నువ్వొచ్చి, పెద్దమ్మ అడిగిందే నిన్ను, అనేదానివి."

"దుర్గా..."

"పద్దెనిమిది నిండిన మర్నాడు క్లాసులు ఎగ్గొట్టి భీమవరం వెళ్ళాను. చేయించుకున్నాను."

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే."

"ఏం చెప్పారు? ఏం చెప్పారే? ఏడాదయిపోయింది, ఏడాదిగా నాకెందుకు చెప్పలేదు?"

"నాకు లేదమ్మా. నీకుందని నాకు తెలుసని చెప్పకుండా, నాకు లేదని నీకెలా చెప్పను?"